పల్లె వాకిట వైద్యవిద్య
(మదనపల్లె, అనంతపురం, బెంగళూరు ప్రాంతాల క్షయ పరిశోధన చరిత్ర)

క్షయ వ్యాధి మన దేశానికి కొత్తది కాదు. ఆయుర్వేద గ్రంథాలు దానిని రాజయక్ష్మ మన్నాయి. దక్షుని శాపంచేత చంద్రుడు క్షయపీడితుడైన కథ పురాణ ప్రసిద్ధం. అయితే మన ఇళ్ళలో పెద్దలు ఈ జబ్బు పేరును బిగ్గరగా పలికేవారు కారు. పెళ్ళి కావలసిన పిల్ల ఉన్న ఇంట్లోనైతే ఆ మాటే వినిపించేది కాదు. దగ్గు ముదిరితే గాలిమార్పు అనేవారు, నెత్తురు పడితే వేడిచేసింది అనేవారు. పేరు చెప్పుకోలేని జబ్బుకు మందు అడగడం కూడా కష్టమే. ఆ కారణంగా ఈ వ్యాధిని గురించి ఆసుపత్రులలో కూర్చున్న వైద్యులకు తెలిసింది చాలాకాలం వరకు స్వల్పమే. తమ దగ్గరకు వచ్చిన రోగిని వారు ఎరుగుదురు. రాని రోగిని ఎరుగరు.

ఆ రాని రోగిని వెదుక్కుంటూ వైద్యులు పల్లెల వాకిళ్ళకు వెళ్ళిన చరిత్ర ఒకటి ఉన్నది. అది ఎక్కడో సముద్రాల ఆవల జరిగినది కాదు. వర్తూరు చెరువుకట్ట మీద నిలబడి తూర్పుగా చూస్తే హొసకోట, కోలారు, శ్రీనివాసపురం దాటిన తరువాత మదనపల్లె వస్తుంది. ఉత్తరంగా దేవనహళ్ళి, చిక్కబళ్ళాపురం మీదుగా పోతే అనంతపురం సీమ. పడమట తుమకూరు. ఒకే నోట కన్నడమూ తెలుగూ పలికే ఊళ్ళు ఈ దారుల పొడవునా ఉన్నాయి. ఇరవయ్యవ శతాబ్దపు నడిమి దశాబ్దాలలో ప్రపంచం క్షయ గురించి నేర్చుకున్న పాఠాలలో ముఖ్యమైనవి కొన్ని ఈ మూడు దిక్కుల నడుమనే పుట్టాయి. ఈ ప్రాంతపు విద్యార్థులు కోక్ పేరును, పాశ్చర్ పేరును పాఠ్యపుస్తకాలలో చదువుకున్నారు గాని, తమ పొరుగున జరిగిన ఈ పని వారి పుస్తకాలలోకి పెద్దగా ఎక్కలేదు.

ఈ సీమకు పరిశోధన అంతకుముందే పరిచయం. సైనిక వైద్యుడు రొనాల్డ్ రాస్ 1895లో సికిందరాబాదు నుండి బెంగళూరుకు కలరా నివారణ పనిమీద వచ్చి, 1897లో తిరిగి సికిందరాబాదు చేరాడు. ఆ సంవత్సరం ఆగస్టు 20వ తేదీన బేగంపేటలో, దోమ కడుపులో మలేరియా క్రిమిని కనుగొన్నాడు. ఆ పరిశోధనలో హుసేన్ ఖాన్ అనే రోగి తన ఒంటిని దోమలకు అప్పగించాడు. కుట్టిన దోమకు ఒక అణా చొప్పున అతనికి ముట్టింది. రాస్‌కు 1902లో నోబెల్ బహుమానం వచ్చింది. ఎవరి ఒంటిమీద శాస్త్రం ఎదిగిందో ఆ మనిషికి దక్కినదెంత అనే ప్రశ్న ఆనాడే మొలిచింది. ఇక్కడ చెప్పబోయే క్షయ చరిత్రలోనూ అది పలుమార్లు ఎదురవుతుంది.

క్షయ క్రిమిని రాబర్ట్ కోక్ 1882 మార్చి 24న ప్రకటించాడు. క్రిమి తెలిసినా మందు లేదు. మంచిగాలి, విశ్రాంతి, పుష్టికరమైన ఆహారం, ఇవే చికిత్స. వాటిని సమకూర్చే శానటోరియాలు ఐరోపాలో వెలసి, తరువాత మన దేశానికి వచ్చాయి. 1906లో అజ్మీరు సమీపాన తిలోనియాలో క్రైస్తవ మిషను వారు ఒకటి నెలకొల్పారు. దక్షిణాదిలో పలు మిషనులు ఏకమై మదనపల్లె దగ్గర కొండల నడుమ కట్టిన శానటోరియం 1915లో ప్రారంభమైంది. దానికి తొలి అధిపతి డెన్మార్కు దేశీయుడైన వైద్యుడు క్రిస్టియన్ ఫ్రిమోడ్ మోలర్. ఆ చోటికి ఆరోగ్యవరం అనే చక్కని తెలుగు పేరు స్థిరపడింది. రాయలసీమలోనూ, మైసూరు సీమ తూర్పు తాలూకాలలోనూ ఒక తరం వారికి మదనపల్లె అంటే మొదట గుర్తుకు వచ్చేది ఈ శానటోరియమే.

ఆరోగ్యవరం రోగులను చూడడంతో ఆగలేదు. అక్కడ పనిచేసిన వైద్యులకు క్షయ చికిత్స ఒక ప్రత్యేక విద్యగా అబ్బింది. 1939లో భారత క్షయ నివారణ సంఘం ఏర్పడినప్పుడు దాని వైద్య బాధ్యతలకు పిలుపు వచ్చింది ఫ్రిమోడ్ మోలర్‌కే. ఆయన తరువాత ఆరోగ్యవరాన్ని నడిపిన డాక్టర్ పి.వి. బెంజమిన్ స్వాతంత్ర్యానంతరం కేంద్ర ప్రభుత్వానికి క్షయ విషయంలో సలహాదారు అయ్యాడు. చిన్న పట్టణపు అంచున ఉన్న ఒక సంస్థ దేశానికంతటికీ ఈ విధంగా గురుస్థానమైంది.

అయినా అవసరం ముందు ఈ ఏర్పాటు ఏపాటిది? సర్ జోసెఫ్ భోర్ అధ్యక్షతన ఏర్పడిన సంఘం 1946లో ఇచ్చిన నివేదిక ఆనాటి లెక్కలు తేల్చింది. దేశంలో రోగులు సుమారు 25 లక్షలు, ఏటా మరణాలు 5 లక్షలు. వారికోసం ఉన్న పడకలు మాత్రం దాదాపు 6,000. క్షయ సంస్థలను నడపగల అనుభవమున్న వైద్యులు దేశమంతటా వెదికితే 70, 80 మందికి మించరని ఆ నివేదిక అన్నది. ప్రతి వైద్యవిద్యార్థికీ నివారణ వైద్యంలో, సామాజిక వైద్యంలో మూడు నెలల శిక్షణ ఉండాలనీ, రోగంతో పాటు ఊరినీ చదవగల వైద్యుడు తయారు కావాలనీ సూచించింది. సూచన మంచిదే. అయితే ఊరిని చదవడం ఎలాగో నేర్పగల గురువులు అప్పటికి ఎందరున్నారు? ఆ విద్యకు పాఠ్యపుస్తకమే ఇంకా పుట్టలేదు.

ఆ పుస్తకంలోని మొదటి అధ్యాయం మదనపల్లెలో మొదలైంది. ఫ్రాన్సు దేశంలో కాల్మెట్, గెరాన్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు రూపొందించిన బి.సి.జి. టీకాను 1921లో మొదటిసారి శిశువుకు ఇచ్చారు. భారతదేశంలో 1948లో ఈ టీకా వేయడం ప్రారంభించిన చోట్లలో మదనపల్లె మొదటిది. అదే సంవత్సరం మద్రాసు గిండీలో టీకా తయారీశాల ఏర్పడింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ, యూనిసెఫ్ సహకారంతో ఈ కార్యక్రమం ఊరూరా విస్తరించింది. దానికి వ్యతిరేకత కూడా తక్కువగా లేదు. సాక్షాత్తు రాజాజీ 1955లో 'బి.సి.జి.ని నేనెందుకు వ్యతిరేకిస్తున్నాను' అన్న భావం గల పేరుతో ఒక ఆంగ్ల పుస్తకమే వెలువరించారు. ఆయన అభ్యంతరాలను ఆనాటి వైద్యులు అనేకులు చాదస్తమని తోసివేశారు. కాని 'ఈ టీకా మన పల్లెవాసులకు మేలు చేస్తుందని ఇక్కడ పరీక్షించి చూశారా?' అనే ప్రశ్న తోసివేయదగినది కాదు.

దానికి సమాధానం వెదికినవాడు క్రిస్టియన్ ఫ్రిమోడ్ మోలర్ కుమారుడు యోహానెస్ ఫ్రిమోడ్ మోలర్. తండ్రి శానటోరియంలో పడకల నడుమ పనిచేస్తే, కుమారుడు శానటోరియం గోడ దాటి బయటకు వచ్చాడు. 1950లో మదనపల్లె పట్టణంలోనూ చుట్టుపట్ల గ్రామాలలోనూ ఆరంభమైన ఆ అధ్యయనానికి భారత వైద్య పరిశోధన మండలి, ప్రపంచ ఆరోగ్య సంస్థ తోడ్పడ్డాయి. ఇంటింటి జనాభా లెక్క వ్రాసుకోవడం, చేతిమీద ట్యూబర్కులిన్ సూది వేసి మూడోనాటికి వాపును కొలవడం, ఛాతీకి ఎక్స్-రే తీయడం, అనుమానమున్నవారి తెమడను పరీక్షించడం ఆ పని క్రమం. కొంతకాలానికి మళ్ళీ అదే ఇంటికి, అదే మనుషుల దగ్గరకు పోవాలి. ఆ నడుమ పుట్టినవారెవరు, పోయినవారెవరు, వలస వెళ్ళినవారెవరు అన్నది తేల్చాలి. గ్రామ కరణం చేసే పనిని వైద్యుడు చేయవలసి వచ్చింది.

ఇక్కడ ఒక విషయం ప్రత్యేకించి చెప్పుకోవాలి. ఈ పనిలో రోగి ఒక్కడే ముఖ్యుడు కాడు. ఏ జబ్బూ లేని మనిషి కూడా వచ్చి చేయి చాపాలి, ఎక్స్-రే ముందు నిలబడాలి. పొలం పని మానుకొని ఒక పూట ఇవ్వాలి. తమకు తక్షణం ఏ లాభమూ లేని ఈ పనికి వేలాది కుటుంబాలు ఒప్పుకున్నాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ పత్రికలో 1960లో ఈ అధ్యయనం వంద పుటలకు పైగా అచ్చయినది. వైద్య గ్రంథాలు దానిని నేటికీ పేర్కొంటాయి. పొలం వదిలి వచ్చిన ఆ రైతుల పేర్లు వాటిలో ఉండవు.

1955 నుండి 1958 వరకు భారత వైద్య పరిశోధన మండలి దేశంలో ఆరు ప్రాంతాలలో జరిపిన సర్వేకు హైదరాబాదు, మదనపల్లె రెండూ కేంద్రాలైనాయి. క్షయ పట్టణాల జబ్బు, మిల్లు కూలీల జబ్బు అని అంతవరకు ఉన్న నమ్మకాన్ని ఆ సర్వే తలక్రిందులు చేసింది. పల్లెలలోనూ రోగం ఇంచుమించు పట్టణాలలో ఉన్నంతే ఉన్నట్లు తేలింది. జనంలో నూటికి ఎనభైమందికి పైగా పల్లెలలోనే ఉన్న ఆ రోజులలో దీని అర్థం స్పష్టమే. రోగులలో అత్యధికులు ఉన్నచోట వైద్యుడు లేడు, వైద్యుడున్నచోట ఉన్న రోగులు కొద్దిమందే.

ఇంతలో మందులు వచ్చాయి. స్ట్రెప్టోమైసిన్, పాస్, 1952లో ఐసోనియాజిడ్. వీటిలో ఐసోనియాజిడ్ చవకైనది. మందు ఇంట్లోనే మింగితే చాలునా, లేక శానటోరియంలో చేరక తప్పదా? ఈ ప్రశ్నకు జవాబు కోసం 1956లో మద్రాసులో క్షయ రసాయన చికిత్సా కేంద్రం స్థాపించారు. డాక్టర్ వాలెస్ ఫాక్స్ నాయకత్వాన 193 మంది బీద రోగులను ఎంపిక చేసి, కొందరిని శానటోరియంలో ఉంచి, మిగిలినవారికి ఇంట్లోనే మందులిచ్చారు. శానటోరియంలో వారికి విశ్రాంతి, మంచి భోజనం, నర్సుల సేవ ఉన్నాయి. ఇంట్లో ఉన్నవారికి ఇరుకు గది, అరకొర తిండి, తప్పనిసరి పని. ఏడాది గడిచేసరికి శానటోరియంలో నూటికి 92 మందికి, ఇళ్ళలో నూటికి 86 మందికి వ్యాధి అణగిపోయింది. ఇంట్లో ఉన్న రోగి వల్ల కుటుంబంలోని తక్కినవారికి అదనంగా అపాయం రాలేదని కూడా తేలింది. 1959లో ఈ ఫలితాలు వెలువడగానే ప్రపంచవ్యాప్తంగా శానటోరియాల యుగానికి తెర పడడం ఆరంభమైంది. ఆరోగ్యవరం వంటి సంస్థల పునాదినే కదిలించిన ఈ సత్యాన్ని స్వీకరించడంలో ఆరోగ్యవరం నుండి వచ్చిన బెంజమిన్ వంటివారు వెనుకాడకపోవడం వారి పెద్దతనం.

పడక అక్కరలేదు సరే, మందును 15 లక్షల జనాభా ఉన్న జిల్లాలో మారుమూల ఉన్న మనిషికి చేర్చడం ఎలా? దీనికోసమే 1959లో బెంగళూరులో జాతీయ క్షయ సంస్థ ఏర్పడింది. మైసూరు మహారాజులకు చెందిన 'అవలాన్' అనే భవనం దానికి నెలవైంది. 1960 సెప్టెంబరు 16న ప్రధాని జవహర్లాల్ నెహ్రూ ప్రారంభోత్సవం చేశారు. డాక్టర్ ఎన్.ఎల్. బోర్డియా మొదటి సంచాలకుడు. ప్రపంచ ఆరోగ్య సంస్థ తరఫున డెన్మార్కు వైద్యుడు హాఫ్డన్ మాలర్ సలహాదారుగా వచ్చాడు. 1951 నుండి దాదాపు పదేళ్ళు ఈ దేశంలో క్షయ నివారణలో పనిచేసిన ఈయనే 1973లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు అధిపతి అయ్యాడు. 1978లో ఆల్మా-ఆటా మహాసభ ప్రాథమిక ఆరోగ్యం ప్రతి మనిషికీ హక్కు అని ప్రకటించినప్పుడు ఆ సంస్థకు సారథి మాలరే. ఆ ప్రకటన వెనుక దక్షిణ భారత పల్లెల అనుభవం ఉన్నదనడం అతిశయోక్తి కాదు.

ఈ సంస్థ విశిష్టత దాని కూర్పులో ఉన్నది. వైద్యులతో పాటు గణాంక శాస్త్రజ్ఞులు, సమాజ శాస్త్రజ్ఞులు, నర్సులు, ఎక్స్-రే ఇంజనీర్లు ఒకే బల్ల చుట్టూ కూర్చున్నారు. పరిశోధన ఒక విభాగం, శిక్షణ ఒక విభాగం అని గోడ కట్టుకోకుండా, పల్లెలో తెలుసుకున్నది తరగతిలో చెప్పడం, తరగతిలో పుట్టిన సందేహాన్ని మళ్ళీ పల్లెకు తీసుకుపోవడం వారి పద్ధతి. నేడు విదేశీ విశ్వవిద్యాలయాలు వైద్యశిక్షణనూ ప్రపంచ ఆరోగ్య పరిశోధననూ మేళవించిన చదువు అని గొప్పగా చెప్పుకుంటున్నవి. బళ్ళారి రోడ్డు పక్కన ఆ భవనంలో అది అరవై ఏళ్ళకు పూర్వమే జరిగింది.

అక్కడ జరిగిన పరిశోధనలలో అన్నిటికన్నా పదునైనది డాక్టర్ దేవబర్ బెనర్జీ, స్టిగ్ ఆండర్సన్ కలిసి తుమకూరు జిల్లాలో చేసినది. పల్లెవాసి అజ్ఞాని, తన జబ్బు తనకే తెలియదు, అందువల్ల ఎక్స్-రే వ్యాను వెళ్ళి వెదికి పట్టుకోవాలి అన్నది ఆనాటి వైద్యలోకపు నమ్మకం. బెనర్జీ వైద్యుడై ఉండి సమాజశాస్త్రం అభ్యసించినవాడు. సర్వేలో రోగులని తేలినవారి ఇళ్ళకు పోయి కూర్చొని, మీకు ఏమైనా బాధ ఉన్నదా అని అడిగించాడు. 1963లో ప్రకటించిన ఫలితం వైద్యులకు మింగుడుపడనిది. రోగులలో నూటికి 95 మందికి తమలో ఏదో తేడా ఉన్నదని తెలుసు. అత్యధికులు దాన్ని గురించి బెంగపడుతున్నారు. సగం మంది అప్పటికే ఏదో ఒక ఆసుపత్రికి నడిచి వెళ్ళారు కూడా. అక్కడ వారికి దొరికింది ఒక సీసా దగ్గుమందు.

ఈ ఫలితంలోని తీవ్రత నిదానంగా ఆలోచించదగినది. రోగి తన కూలి పోగొట్టుకొని మైళ్ళు నడిచి వచ్చాడు. ఎదుట కూర్చున్న వైద్యుడు ఎన్నాళ్ళుగా దగ్గు అని అడగలేదు, తెమడను సూక్ష్మదర్శిని కింద పెట్టి చూడలేదు. కాబట్టి శిక్షణ కావలసింది ఎవరికి? అంతవరకు ప్రచార పత్రాలు, గోడబొమ్మలు, ఉపన్యాసాలు పల్లెవాసికి జ్ఞానం పంచడానికని తయారవుతూ వచ్చాయి. అజ్ఞానం బల్లకు ఇవతలి పక్క ఉన్నదని తుమకూరు పల్లెలు తేల్చి చెప్పాయి. క్షయ పరిశోధనలో ఇంతకంటె ఖరీదైన యంత్రాలతో, ఇంతకంటె పెద్ద లెక్కలతో పనులు ఎన్నో జరిగాయి గాని, వైద్యవిద్యకు ఇంత నేరుగా అద్దం పట్టినది అరుదు.

ఈ పాఠాన్ని ఆచరణలో పెట్టిన చోటు అనంతపురం. 1961లో అక్కడ దేశంలోనే నమూనాగా జిల్లా క్షయ కార్యక్రమం రూపుదిద్దుకున్నది. దాని ఆధారంగా 1962లో జాతీయ క్షయ కార్యక్రమం ఆరంభమైంది. వర్షం కరువైన జిల్లా, రోడ్లు తక్కువ, ఆసుపత్రులు తక్కువ. ఇక్కడ నడిచిన పద్ధతి ఎక్కడైనా నడుస్తుంది. పద్ధతి కూడా నిరాడంబరమైనది. క్షయకు వేరే ఆసుపత్రి అక్కరలేదు. ఊరికి దగ్గరగా ఉన్న ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి ఎవరైనా పాత దగ్గుతో వస్తే అక్కడే తెమడ పరీక్షించాలి. రోగం తేలితే మందు ఉచితంగా అక్కడే ఇవ్వాలి. నెలనెలా వచ్చి తీసుకుపోయే రోగి రాకపోతే ఉత్తరం వ్రాయాలి, లేదా మనిషిని పంపాలి. జిల్లా కేంద్రంలో ఒక చిన్న బృందం ఉంటుంది. ఒక వైద్యాధికారి, ఒక చికిత్సా నిర్వాహకుడు, ప్రయోగశాల, ఎక్స్-రే సాంకేతికులు, బి.సి.జి. బృంద నాయకుడు, లెక్కలు చూసే సహాయకుడు. ఈ జట్టంతా బెంగళూరుకు వచ్చి కలిసి శిక్షణ పొంది, కలిసి తమ జిల్లాకు తిరిగిపోయేది. వైద్యుడూ గుమాస్తా ఒకే శిక్షణాలయంలో చదువుకోవడం ఆ రోజులలో వింతే. చికిత్స కార్డు సరిగా నింపడం కూడా వైద్యంలో భాగమేనని పట్టభద్రులైన వైద్యులు అక్కడే తెలుసుకున్నారు.

ఇంతవరకు చెప్పినది కీర్తి. దీనికి నీడ కూడా ఉన్నది. దానిని చెప్పకపోతే చరిత్ర సగమే అవుతుంది.

1961 నుండి 1968 వరకు జాతీయ క్షయ సంస్థ అప్పటి బెంగళూరు జిల్లాలో 119 గ్రామాలలో ఒకే జనాన్ని నాలుగుసార్లు సర్వే చేసింది. వర్తూరు హోబళి కూడా ఆ జిల్లాలోనిదే. వ్యవస్థగా నడిచే క్షయ చికిత్స ఆ గ్రామాలకు అప్పటికి చేరలేదు. మొదటి సర్వేలో తెమడలో క్రిమి కనిపించినవారి గతి అయిదేళ్ళలో ఏమైందో 1974లో ప్రకటించారు. సుమారు సగం మంది మరణించారు. మూడో వంతు మందిలో క్రిమి మాయమైంది. తక్కినవారు జబ్బుతోనే బ్రతికి ఉన్నారు. మందు లేకపోతే క్షయ ఏం చేస్తుందో ప్రపంచ వైద్యలోకం ఇప్పటికీ లెక్కగట్టేటప్పుడు చూసే కొద్దిపాటి ఆధారాలలో ఇది ఒకటి. ఆ లెక్క ఎంత విలువైనదో అంత బరువైనది. ఐసోనియాజిడ్ వచ్చి తొమ్మిదేళ్ళు దాటిన తరువాత మొదలైన కాలం అది. మద్రాసులో ఇంటింటి చికిత్స విజయవంతమైనట్లు ప్రకటించి రెండేళ్ళయింది. దేశమంతటికీ మందు చాలదన్న మాట నిజమే. గమనించడమూ చికిత్స చేయడమూ వేరువేరు పనులని ఆ తరం శాస్త్రజ్ఞులు భావించేవారన్నదీ నిజమే. నేటి నియమాల ప్రకారం అయితే రోగం ఉన్నదని తెలిసిన మనిషికి మందు అందేటట్లు చూడకుండా పరిశోధకుడు ముందుకు పోరాదు. ఆ నియమాల వెనుక ఇటువంటి గ్రామాలు ప్రపంచమంతటా ఉన్నాయి.

బి.సి.జి. సంగతి కూడా మరొక మలుపు తిరిగింది. మదనపల్లెలో కొంత రక్షణ కనిపించినా ఆ ప్రశ్న తీరలేదు. 1968 నుండి 1971 వరకు చెంగల్పట్టు జిల్లాలో, లక్షలాది జనం మీద, ప్రపంచంలోనే అతి పెద్దదైన బి.సి.జి. టీకా పరీక్ష జరిపారు. పెద్దవారి ఊపిరితిత్తుల క్షయను టీకా ఆపలేదని 1979లో తొలి ఫలితం వచ్చింది. పసిపిల్లలలో మెదడుకు సోకే క్షయ వంటి తీవ్ర రూపాలనుండి కాపాడుతుంది గనుక పుట్టిన బిడ్డకు ఈ టీకా నేటికీ వేస్తున్నారు. రాజాజీ వాదనలన్నీ ఒప్పని ఎవరూ అనలేరు గాని, ఆయన సందేహించడం తప్పు కాదని మాత్రం అనవచ్చు.

జిల్లా కార్యక్రమం కాగితం మీద ఉన్నంత చక్కగా నేలమీద నడవలేదు. మందులు సమయానికి అందక, ఉద్యోగాలు ఖాళీగా ఉండి, చూసేవారు లేక, రోగులు నడుమనే మానివేసేవారు. 1992లో జరిపిన సమీక్షలో చికిత్స పూర్తి చేసినవారు సగానికి తక్కువని బయటపడింది. 1993లో ప్రయోగాత్మకంగా, 1997 నుండి విస్తృతంగా కొత్త పద్ధతి వచ్చింది. ఆరోగ్య కార్యకర్త ఎదుట మందు మింగించే ఈ విధానం 2006 నాటికి దేశమంతా వ్యాపించింది. దీని మూలం కూడా మద్రాసు కేంద్రంలో 1960ల నాటి పరిశోధనలోనే ఉన్నది. మన గడ్డమీద పుట్టిన ఆలోచన విదేశాలు తిరిగి, కొత్త పేరుతో మళ్ళీ మన ఇంటికి వచ్చిందన్నమాట.

ఇక తిండి సంగతి. మద్రాసు పరీక్షలో అరకొర తిండి తిన్నవారు కూడా మందుతో కోలుకున్నారు గదా. దానితో ఆహారం ప్రశ్న వైద్యుల చర్చలో వెనక్కు పోయింది. శానటోరియం రోజులలో గ్రుడ్డు, పాలు, గంజి గురించి శ్రద్ధ పట్టిన వైద్యం, మాత్రలు వచ్చిన తరువాత పళ్ళెంలో ఏమున్నదని అడగడం మానివేసింది. ఇంట్లో అవ్వలు మాత్రం 'బాగా తిననిదే ఆ జబ్బు పోదు' అని అంటూనే ఉన్నారు. అరవై ఏళ్ళు గడిచాక మంగళూరులోని యెనెపోయ వైద్య కళాశాలకు చెందిన అనురాగ్ భార్గవ, మాధవీ భార్గవ దంపతులు చెన్నై కేంద్రంతో, కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంతో కలిసి ఝార్ఖండ్‌లో నాలుగు జిల్లాలలో ఆ ప్రశ్నను మళ్ళీ చేపట్టారు. రోగులందరికీ ఆహారం ఇచ్చారు. రోగి కుటుంబాలలో కొన్నింటికి కూడా నెలనెలా బియ్యం, పప్పు వంటివి అందించారు. పది వేలకు పైగా కుటుంబ సభ్యులను గమనించగా, ఆహారం అందిన ఇళ్ళలో కొత్తగా క్షయ సోకడం సుమారు 40 శాతం తగ్గినట్లు 2023లో వెల్లడైంది. రోగిని కాపాడడానికి మాత్ర చాలవచ్చు, పక్కన పడుకున్న బిడ్డను కాపాడడానికి అన్నం కూడా కావాలి. ప్రభుత్వం 2018 నుండి రోగికి నెలకు 500 రూపాయలు పోషణ కోసం ఇస్తూ, 2024 నవంబరులో దానిని 1,000 రూపాయలకు పెంచింది. ప్రపంచంలోని క్షయ రోగులలో నాలుగో వంతుకు పైగా భారతదేశంలోనే ఉన్నారనే సత్యం ముందు ఇది ఎంతవరకు చాలునో కాలం చెప్పాలి.

ఆరోగ్యవరం ఇప్పుడు సకల రోగాలకూ చికిత్స చేసే వైద్య కేంద్రం. మద్రాసు కేంద్రం జాతీయ క్షయ పరిశోధన సంస్థగా పేరు మార్చుకున్నది. బెంగళూరులో జాతీయ క్షయ సంస్థ శిక్షణ కొనసాగిస్తూనే ఉన్నది. వైద్య కళాశాలల సంగతికి వస్తే, 1963లో బెంగళూరులో ఆరంభమైన సెయింట్ జాన్స్ వైద్య కళాశాల తన విద్యార్థులను పల్లెలకు పంపడం నియమంగా పెట్టుకున్నది. వర్తూరుకు దక్షిణంగా, సర్జాపురం దగ్గర ముగళూరులో ఆ కళాశాల వారి గ్రామీణ ఆరోగ్య శిక్షణ కేంద్రం ఉన్నది. బెంగళూరు నగరం పెరిగి పెరిగి వర్తూరును ఎప్పుడో కలుపుకున్నది. పొలాలుండిన చోట అంతస్తుల మేడలు లేచాయి. ఆ మేడలు కట్టడానికి రాయలసీమ నుండి, కలబురగి, రాయచూరు వైపు నుండి, ఒడిశా, బెంగాలు నుండి వచ్చిన కూలీలు రేకుల గుడిసెలలో ఉంటున్నారు. ఒక గదిలో ఆరుగురు, ఏడుగురు. గాలి ఆడదు. పని అయిపోగానే మరొక చోటికి తరలిపోతారు. నెలనెలా ఒకే కేంద్రానికి వచ్చి మందు తీసుకునే రోగిని దృష్టిలో పెట్టుకొని అనంతపురంలో గీసిన పటంలో ఈ మనిషి లేడు. ఇతడు ఆసుపత్రికి వచ్చినప్పుడు ఎదుటి కుర్చీలో ఉన్న యువవైద్యుడు మొదట అడగవలసినది మాత్రం తుమకూరు పల్లెలలో తేలిన ఆ మాటే, 'ఎన్నాళ్ళుగా దగ్గు?' అని. అది కన్నడంలో అడిగినా తెలుగులో అడిగినా హిందీలో అడిగినా, జవాబు విన్న తరువాత దగ్గుమందు సీసా వైపు చేయి పోకుండా ఉండాలి.